దండెం మీద ఆరో నంబరు

సోమవారం పొద్దున్న ఆరున్నరకల్లా లాండ్రీ అక్క స్టేడియం వెనక గేటు తీసుకుని లోపలికి వచ్చేది. ముందురోజు ఆట తాలూకు బట్టలు మూడు పెద్ద నీలం సంచుల్లో ఆమె గది ముందు పడి ఉండేవి. చొక్కాలు ఒక కుప్ప, నిక్కర్లు ఒక కుప్ప, మేజోళ్ళు ఒక కుప్ప. నెత్తుటి మరక చన్నీళ్ళతోనే పోతుంది, వేడినీళ్ళు తగిలాయా ఇక జన్మలో వదలదు. గడ్డి మరకకి కావాల్సింది సబ్బు కాదు, ఓపిక. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసేది ఈ పనే. ఆ ఇరవై రెండేళ్ళలో క్లబ్బుకి పద్నాలుగు మంది కోచ్‌లు వచ్చారు, పదముగ్గురు వెళ్ళారు.

నిక్కర్లూ మేజోళ్ళూ మెషీన్లోనే ఆరిపోయేవి. చొక్కాలు మాత్రం గది వెనక పెరట్లో దండేల మీద ఆరేసేది. ఆమెకి ముందు అక్కడ పనిచేసిన ముసలాయన నాటి పద్ధతి అది. ఆరేసిన పావుగంటకి చొక్కాలు కదలడం మొదలుపెట్టేవి. ఆటలో ఎవరి మనసు ఎటు పరిగెత్తిందో వాళ్ళ చొక్కా అటు లాగేది. గాలి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తొమ్మిదో నంబరు ఎగిరెగిరి తీగని వంచేసేది. గోల్‌కీపర్ చొక్కా రెండు చేతులూ బార్లా చాచి అటూ ఇటూ ఊగేది. పక్కవాడికి బంతి ఇవ్వాలనుకుని చివరి క్షణంలో ఇవ్వని వాడి చొక్కా, చెయ్యి సగం చాపి మళ్ళీ దగ్గరకి లాక్కునేది.

"ఆ తొమ్మిదికి ఇంకో రెండు క్లిప్పులు తగిలించమ్మా. పోయిన వారం గోడ దూకి నా నారుమడిలో పడింది" అనేవాడు గడ్డి తాత. మైదానంలో గడ్డి పెంచేదీ కత్తిరించేదీ ఆయనే.

కోచ్‌లు కూడా సోమవారం టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేవాళ్ళు. కాసేపు నిలబడి చూసి, వచ్చే వారం ఎవరిని ఆడించాలో అక్కడే రాసుకునేవాళ్ళు. ఒకసారి ఒక గోల్‌కీపర్ చొక్కా ఆటలో బంతి వచ్చిన వైపు కాకుండా, కావాలనే గోల్ వదిలినట్టు ఎదురు వైపు దూకింది. ఛైర్మన్ వచ్చి చూసి, మారు మాట్లాడకుండా ఆ కీపర్ సామాను సర్దించేశాడు. ఆ క్లబ్బులో దండెం సాక్ష్యానికి తిరుగులేదు.

పద్నాలుగో కోచ్‌ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, అప్పటికి మూడేళ్ళలో నలుగురు కోచ్‌లు మారారు. ఒకాయన వచ్చి డ్రెస్సింగ్ రూమ్‌లో కుర్చీలు తీయించాడు. తర్వాతాయన కుర్చీలు వేయించి అద్దాలు తీయించాడు. ఒకాయన ముందుకి ఉరకమన్నాడు, ఇంకొకాయన వెనక్కి వచ్చి కాచుకోమన్నాడు. ఆటగాళ్ళు అందరికీ తల ఊపడం నేర్చుకున్నారు, ఎవరి మాటా చెవిలోకి పోనివ్వకపోవడమూ నేర్చుకున్నారు. ఆ పరిస్థితిలో ఛైర్మన్, ఎప్పుడో ఈ క్లబ్బు కుర్రాళ్ళకి ఆట నేర్పిన మనిషిని వెతికి తీసుకొచ్చాడు. ఆయనకి అరవై దాటాయి. కుర్చీలూ అద్దాలూ దేన్నీ ముట్టుకోలేదు. మొదటి రోజు అందరి చేతా గంటసేపు బంతిని ఒకరికొకరు అందించే పని చేయించి ఇళ్ళకి పంపేశాడు.

జట్టు కెప్టెన్ ఆరో నంబరు, డిఫెండర్. పదిహేనేళ్ళప్పుడు, పొట్టిగా ఉన్నాడని మూడు క్లబ్బులు వెనక్కి పంపేస్తే, అతన్ని తీసుకున్నది ఈ మాస్టారే. "ఎత్తు వాడి చేతిలో లేదు. నిలబడ్డం వాడి చేతిలో ఉంది" అన్నాడట అప్పట్లో. ఇప్పుడు కెప్టెన్‌కి ముప్పై నాలుగు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఒక పాప. ఎడమ మోకాలికి రెండుసార్లు కోత పడింది.

ఒక గురువారం ప్రాక్టీసు అయ్యాక మాస్టారు అతన్ని పక్కకి పిలిచాడు.

"వచ్చే నెల నుంచి నువ్వు మొదటి పదకొండులో ఉండవు. నా పక్కన కూర్చో" అన్నాడు.

"సరే మాస్టారూ" అన్నాడు కెప్టెన్.

మాస్టారు ఇంకేదో చెప్పబోయాడు. కెప్టెన్ అప్పటికే బూట్లు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. చెవుల్లో మొదటి మాట ఒక్కటే మోగుతోంది.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది, "ఏమైందండీ, అన్నం ముందు అలా కూర్చున్నారు?"

"ముసలాడికి మతిపోయింది" అన్నాడు.

ఆయన్ని ఆ మాట అనడం జీవితంలో అదే మొదటిసారి. భార్య చేతిలో గరిటె ఆగింది.

మర్నాడు ఛైర్మన్ ఫోన్ చేశాడు. వరసగా మూడు ఓడిపోయి ఉన్నారు. పైవాళ్ళు అడుగుతున్నారన్నాడు. "నువ్వు కెప్టెన్‌వి, నిన్ను కాక ఎవరిని అడుగుతాను? కుర్రాళ్ళు ఆయన వెంట ఉన్నారా?"

ఉన్నారని చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది. కెప్టెన్ ఆ క్షణాన్ని పోనిచ్చాడు. తర్వాత, "నన్నేం చెప్పమంటారు" అన్నాడు.

"అర్థమైందిలే" అన్నాడు ఛైర్మన్.

కెప్టెన్ జట్టులో ఎవరితోనూ ఏమీ అనలేదు. అనాల్సిన పనీ లేదు. రోజూ ప్రాక్టీసులో గొంతు చించుకుని అరిచే మనిషి అరవడం మానేశాడు. అంతే. మేస్త్రి నోరు మూసుకుంటే కూలీల చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. శనివారానికల్లా ఆరుగురికి విషయం పాకింది. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు.

ఆదివారం ఆటలో ఇరవయ్యో నిమిషాన ఎదుటి జట్టువాడు ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని వచ్చాడు. వాడు ఎప్పుడూ లోపలికే తిరుగుతాడని కెప్టెన్‌కి తెలుసు. పదేళ్ళుగా వాణ్ణి అక్కడే ఆపుతున్నాడు. ఈసారి వాడు తిరిగేసరికి కెప్టెన్ కాలు జారి పడిపోయాడు. గోల్. ఆ తర్వాత ఇంకో మూడు గోల్స్. మిగతా ఆరుగురూ పరిగెత్తినట్టే పరిగెత్తారు. చూసేవాళ్ళకి చెమట కూడా కనిపించింది.

ఆట అయ్యాక విలేకరులు మాస్టారిని చుట్టుముట్టారు. "మా కెప్టెన్ కాలు జారింది" అన్నాడాయన. "గడ్డి తడిగా ఉంది. ఆ బూట్లు వేసుకోమన్నది నేనే. తప్పు నాది."

కెప్టెన్ ఆ మాటలు తలుపు వెనక నిలబడి విన్నాడు. ఏ బూట్లు వేసుకోవాలో మాస్టారు అతనికి ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు లాండ్రీ అక్క ఎప్పటిలాగే చొక్కాలు ఆరేసింది. ఆ రోజు గాలి బాగా ఉంది. పక్క తీగ మీద తువ్వాళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి. కొన్ని చొక్కాలు మామూలుగానే లాగుతున్నాయి. ఏడు మాత్రం రేకు ముక్కల్లా నిలువునా వేలాడుతున్నాయి. అంచులు కూడా కదలడం లేదు. ఆ ఏడింటిలో ఒకటి, ఆరో నంబరు, కాసేపటికి కదిలింది. పడలేదు, జారలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎవరో వస్తుంటే పక్కకి తప్పుకున్నట్టు, మెల్లగా ఒక పక్కకి ఒదిగి దారి ఇచ్చింది. మళ్ళీ నిటారుగా నిలబడింది. మళ్ళీ ఒదిగింది.

అక్క చేతిలో క్లిప్పుల డబ్బా అలాగే ఉండిపోయింది. పదకొండింటికి ఛైర్మన్ గదిలో మీటింగు ఉందని ఆమెకి తెలుసు. ఇది గనక ఛైర్మన్ చూస్తే మాస్టారి ఉద్యోగం నిలుస్తుంది, కెప్టెన్ బతుకు పోతుంది. ఆమె కొడుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కెప్టెన్ మూడు రోజులు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. సొంత తమ్ముడు కూడా అలా కూర్చోలేదు. ఎక్కువసేపు ఆలోచించలేదామె. ఆలోచిస్తే చేయలేనని తెలుసు. తడి చొక్కాలన్నీ గబగబా లాగి లోపలికి తీసుకుపోయి మెషీన్లో పడేసింది.

ఎనిమిదింటికి మాస్టారు టీ గ్లాసుతో పెరట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఇవాళ తీగల మీద ఏమీ లేవేం?"

"వాన వచ్చేలా ఉంది మాస్టారూ. మెషీన్లో వేసేశాను."

మాస్టారు తలెత్తి చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. చాలాసేపు చూశాడు. టీ చివరి గుక్క తాగి, గ్లాసు ఆమె గట్టు మీద పెట్టాడు.

"మంచి పని చేశావమ్మా" అన్నాడు.

పన్నెండింటికి ఆయన ఒక అట్టపెట్టె పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. అక్క గదిలోంచి బయటికి రాలేదు. ఆమె చెవుల్లో మెషీన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

పదిహేనో కోచ్ బుధవారానికి దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, వెంట ముగ్గురు సహాయకులు, నాలుగు లాప్‌టాప్‌లు. అద్దాలు మళ్ళీ పెట్టించాడు. ఎవరు ఎన్ని గంటలు నిద్రపోయారో రాసుకునేవాడు. ప్రాక్టీసు పొద్దున్నే మొదలై ఎండ నడినెత్తికి వచ్చినా ఆగేది కాదు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అన్నాడు గడ్డి తాత, నీళ్ళ గొట్టం చుట్టుకుంటూ. కానీ మొదటి నాలుగు ఆటలూ గెలిచారు. కెప్టెన్ నాలుగింటిలోనూ చివరి దాకా ఆడాడు. పేపర్లలో ఫొటో వేశారు, జట్టుకి వెన్నెముక అని రాశారు.

ఆ వారాల్లోనే ఒక మధ్యాహ్నం కొత్త కోచ్ అతన్ని గదికి పిలిచాడు. పాత సొరుగులు ఖాళీ చేయిస్తున్నాడు.

"ఇదిగో, మీ పాతాయన నీ గురించి ఏదో రాసిపెట్టాడు" అని ఒక కాగితం తీసి చదివాడు. "'ఆరో నంబరుకి మోకాలు ఇంకో ఏడాది కూడా ఆగదు. ఇప్పట్నుంచే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాలి. వచ్చే సంవత్సరానికి అసిస్టెంటుగా తీసుకోమని ఛైర్మన్‌ని అడగాలి. నా తర్వాత జట్టు వీడి చేతుల్లో ఉంటే నాకు దిగుల్లేదు.' నాకు నా సహాయకులు ఉన్నారు గనక దీని గురించి నువ్వేం ఆశ పెట్టుకోకు. ఆటగాడిగా మాత్రం నువ్వు నాకు కావాలి."

కాగితం మడిచి చెత్తబుట్టలో వేశాడు. కెప్టెన్ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పక్క నుంచి వెళ్తున్న కుర్రాళ్ళు, "ఏంటన్నా, కాంట్రాక్టు పొడిగించారా?" అని నవ్వుతూ అడిగారు. అతనికి తల కొట్టేసినట్టయింది. నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి తర్వాత చాలా రోజులు స్నానం చేస్తూ చేస్తూ ఆగిపోయేవాడు.

అప్పట్నుంచి అతను బూటు తాళ్ళు మరీ బిగించి కట్టుకోవడం మొదలుపెట్టాడు. వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చాక పాదాల మీద తాళ్ళ గీతలు ఎర్రగా కనిపించేవి. జనం గ్యాలరీల్లోంచి "కెప్టెన్, కెప్టెన్" అని అరుస్తుంటే భుజాలు ముడుచుకునేవాడు. పాప బళ్ళో 'మా నాన్న' అని వ్యాసం రాసి తెచ్చింది. అందులో 'మా నాన్న ఎప్పుడూ పడిపోడు, ఒక్కసారే పడ్డాడు, అది కూడా బూట్ల తప్పు' అని రాసింది.

"బాగుందా నాన్నా?"

"బాగుందమ్మా" అని, నీళ్ళు తాగాలన్న వంకతో లేచిపోయాడు.

భార్య వంటింట్లోకి వచ్చింది. "గెలుస్తున్నారు, ఫొటోలు వేస్తున్నారు. మీరేమో తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నారు. నాకు చెప్పకూడనిదా?"

చెప్పకూడనిదే. చెబితే ఆమె ఊరుకోదు. అది అతనికి బాగా తెలుసు.

ఐదో ఆట ఓడిపోయారు. ఆరోది, ఏడోది, ఎనిమిదోది, తొమ్మిదోది కూడా. కొత్త కోచ్‌కి నిద్ర గంటల లెక్కలో ఏమీ దొరకలేదు. అప్పటిదాకా పెరట్లోకి తొంగి చూడని ఆయనకి ఎవరో దండెం సంగతి చెప్పారు. ఎవరు మనసు పెట్టి ఆడడం లేదో తేల్చేస్తానని, వచ్చే సోమవారం ఒక్క చొక్కా కూడా మెషీన్లో వేయకూడదనీ, జట్టు మొత్తం పెరట్లో నిలబడి చూడాలనీ, ఛైర్మన్‌ని కూడా రమ్మన్నాననీ చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం కెప్టెన్ లాండ్రీ గదికి వచ్చాడు. అక్క మేజోళ్ళు జతలు కలుపుతోంది. అతను ఒక జత తీసుకుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"అక్కా, ఒక సాయం చెయ్యాలి. సోమవారం నాది మాత్రం..."

"మెషీన్లో వెయ్యాలా?"

అతను తల దించుకున్నాడు.

"ఒకసారి వేశాను నాయనా. అదే ఎక్కువ."

కెప్టెన్ చేతిలో మేజోడు కిందపడింది. ఆ రోజు తన చొక్కా ఎవరూ చూడలేదనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"నువ్వు చూశావా?"

"ఏడూ చూశాను. నీది దారివ్వడం కూడా చూశాను. వాన వస్తుందని అబద్ధం చెప్పాను, ఎండ మొహాన కొడుతుండగా. ఆయన నన్నొక్క మాట అని ఉంటే బాగుండేది. మంచి పని చేశావమ్మా అన్నాడు." ఆమె జతలు కలపడం ఆపలేదు. "నీ కోసమే చేశాననుకున్నాను. కాదు. నీకేమైనా అయితే నేను చూడలేనని చేశాను. అది నా సుఖం. దాని కోసం ఆ పెద్దాయన్ని అట్టపెట్టెతో పంపించాను."

"అక్కా, ఊరుకో."

"పోయిన శుక్రవారం సెలవు పెట్టి ఆయన ఇంటికి వెళ్ళాను. చెప్పేశాను అంతా. 'తెలుసమ్మా, ఆ రోజు మబ్బు లేదుగా' అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. వచ్చేటప్పుడు వాళ్ళావిడ నా వెనకే గేటు దాకా వచ్చింది. ఆ ఆదివారం వేసుకున్న క్లబ్బు ట్రాక్‌సూట్ జాకెట్టు ఆయన ఇంతవరకూ ఉతకనివ్వలేదట. కొక్కేనికి తగిలించి ఉంచాడట. 'కంపు కొడుతోంది, ఆయనకి తెలియకుండా తీసుకుపోయి ఉతికి తేమ్మా' అని సంచిలో పెట్టిచ్చింది." ఆమె తల ఎత్తింది. "దాన్ని కూడా సోమవారమే ఆరేస్తాను. నీకు ముందే చెబుతున్నాను. రాకపోతే రాకు."

ఆదివారం రాకుండా ఉంటే బాగుండునని కెప్టెన్ అనుకున్నాడు. వచ్చింది. పదో ఆట కూడా ఓడిపోయారు.

సోమవారం పెరట్లో జట్టంతా గోడ వారన నిలబడింది. కొత్త కోచ్ నోటు పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. ఛైర్మన్ కుర్చీ తెప్పించుకున్నాడు గాని కూర్చోలేదు. అక్క చొక్కాలు ఒక్కొక్కటే ఆరేసింది. పావుగంటకి అవి కదిలాయి. తొమ్మిదో నంబరు ముందుకి ఉరకబోయి భయంతో వెనక్కి చూసుకుంటోంది. ఇద్దరు కుర్రాళ్ళవి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆరో నంబరు ఎటూ పోవడం లేదు. ఒంట్లో బలం ఉండీ పని దొరకని మనిషిలా ఒకచోటే ఇటూ అటూ తిరుగుతోంది. కొత్త కోచ్ రాసుకుంటున్నాడు.

అప్పుడు అక్క లోపలికి వెళ్ళి తడి జాకెట్టు ఒకటి తెచ్చి చివరి తీగ మీద వేసింది.

"ఇది ఎవరిది?" అన్నాడు కొత్త కోచ్.

"ఈ క్లబ్బుదే సార్. ఉతుక్కి ఆలస్యంగా వచ్చింది."

ఎవరిదో ఆటగాళ్ళకి తెలుసు. మోచేతి దగ్గర నల్ల దారంతో కుట్టిన కుట్టు ఉంది.

జాకెట్టు కాసేపు నీళ్ళు ఓడుస్తూ ఊరికే ఉంది. తర్వాత తీగ వెంబడే నాలుగడుగులు అటూ, నాలుగడుగులు ఇటూ జరిగింది. కుడి చెయ్యి లేపి ఎవరినో ముందుకి పొమ్మంది. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి ఎవరికో ఏదో కేక వేసింది. గోడ వారన నిలబడ్డ వాళ్ళలో ఒకడికి, అలవాటు కొద్దీ, కాలు కదిలింది. ఉన్నట్టుండి జాకెట్టు ఆగింది. చేతులు కిందికి దిగాయి. అది ఏ నిమిషమో అందరికీ తెలుసు. కన్న కొడుకు ఎవరి జేబులోనో చెయ్యి పెడుతుంటే కంటపడిన తండ్రి చూడనట్టు మొహం తిప్పుకుంటాడే, అలా జాకెట్టు మెల్లగా వెనక్కి తిరిగింది. తిరిగి అలాగే ఉండిపోయింది. ఇక కదల్లేదు.

ఆరుగురు తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. కెప్టెన్ వరసలోంచి రెండడుగులు ముందుకి వచ్చాడు.

"ఆ రోజు నా కాలు జారలేదు" అన్నాడు. "నేను కావాలనే పడ్డాను. మీరు ఫోన్ చేసినప్పుడు కూడా, ఆయన వెంట ఉన్నామని చెప్పాల్సింది, చెప్పలేదు."

"ఇది ఈ గోడ దాటకూడదు" అన్నాడు ఛైర్మన్.

"దాటాలి సార్. తప్పు తనదని ఆయన గోడ బయటే చెప్పాడు."

ఆ మధ్యాహ్నమే విలేకరుల ముందు కూర్చుని చెప్పాడు. తన పేరు తప్ప ఇంకెవరి పేరూ ఎత్తలేదు. అంతకుముందు ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పాడు. ఆమె అంతా వింది. "పాప వ్యాసం ఏం చేస్తారు?" అని అడిగి పెట్టేసింది. సాయంత్రం పాపని పక్కన కూర్చోబెట్టుకుని, బూట్ల తప్పు కాదని తనే చెప్పాడు. పాప పెన్సిల్ తెచ్చుకుని ఆ వాక్యం కొట్టేసింది. కొత్తది ఏం రాయాలో తెలియక ఆ చోటు ఖాళీగా ఉంచింది.

ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు ఆడకుండా రెండేళ్ళ నిషేధం వేశారు. ముప్పై నాలుగేళ్ళ డిఫెండర్‌కి రెండేళ్ళంటే ఇక అంతే. వీధిలో తెలిసినవాళ్ళు ఎదురైతే దుకాణాల బోర్డులు చదువుకుంటూ దాటిపోయేవాళ్ళు. ఛైర్మన్ మనుషులు మాస్టారి ఇంటికి వెళ్ళి మళ్ళీ రమ్మని బతిమాలారు. ఆయన రానన్నాడు. "నన్ను చూస్తే వాళ్ళకి సిగ్గేస్తుంది. సిగ్గుపడుతూ బంతి ఆడలేరు" అన్నాడట. నెలాఖరుకి పదిహేనో కోచ్ వెళ్ళిపోయాడు, పదహారో ఆయన వచ్చాడు. అక్క తనంతట తాను ఛైర్మన్ దగ్గరికి వెళ్ళి, ఆ సోమవారం తాను చేసింది చెప్పేసింది. ఆయన ఆమెను తీసెయ్యలేదు. పెరట్లో స్తంభాలు పీకించి, తీగలు చుట్టించి, ఇంకో మెషీను కొనిచ్చాడు. "ఇక నుంచి అన్నీ ఇందులోనే" అన్నాడు. ఆమె స్టూలు వేసుకుని అద్దం తలుపు ముందు కూర్చునేది. లోపల చొక్కాలన్నీ కలిసి గిరగిరా తిరిగేవి. ఏది ఎవరిదో తెలిసేది కాదు.

కెప్టెన్ రెండు నెలలకి గాని మాస్టారి ఇంటికి వెళ్ళలేకపోయాడు. ఆ లోపల మూడుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. నాలుగోసారి వెళ్ళేసరికి మాస్టారు కిటికీ ఊచలకి రంగు వేస్తున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య చూసి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు కూర్చోమనలేదు. వేస్తున్న ఊచ పూర్తి చేసి, బ్రష్షు డబ్బా మీద ఆనించాడు.

"మాస్టారూ" అన్నాడు కెప్టెన్. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పేపర్లో చదివాను."

"మీకు అప్పుడే తెలుసు. దండెం చూపించమని అడిగితే సరిపోయేది. మీరెందుకు అడగలేదు?"

"చూపిస్తే నేను గెలిచేవాణ్ణి" అన్నాడు మాస్టారు. "ఏం గెలిచేవాణ్ణి? నేను పెంచిన పిల్లాడు దొంగ అని నిరూపించి, జీతం తీసుకునేవాణ్ణి. అది నాకు ఎలా మింగుడు పడుతుంది?" వేళ్ళకంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు, "ఏడుగురు అంటారు గానీ, ఆరుగురు నిన్ను చూసి ఆగారు. అది మర్చిపోకు. నేనూ మర్చిపోలేదు. మర్చిపోయానని నీతో అబద్ధం చెప్పను."

కెప్టెన్ నిలబడే ఉన్నాడు. రంగు వాసనకో ఎందుకో కళ్ళు మండుతున్నాయి.

మాస్టారు మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు. "ఆడపిల్లల కాలేజీ జట్టుకి నేర్పుతున్నాను. ముందుకి ఆడేవాళ్ళు బాగానే ఉన్నారు. వెనక కాసేవాళ్ళకి చెప్పడానికి మనిషి లేడు. పొద్దున్న ఆరింటికి."

"వాళ్ళకి నా సంగతి..."

"చదువుకునే పిల్లలు. పేపరు చదవడం వచ్చు."

మర్నాడు ఆరు కాకముందే కెప్టెన్ కాలేజీ మైదానంలో ఉన్నాడు. గడ్డి మీద మంచు ఆరలేదు. ఇరవై మంది అమ్మాయిలు జుట్టు బిగించి కట్టుకుని వరసలో నిలబడ్డారు. మాస్టారు, "ఈయన మీకు డిఫెన్స్ నేర్పుతారు" అని ఒక్క మాట చెప్పి, అవతల గోల్‌పోస్టుకి వల కట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

కొంతమంది ఒకరి చెవుల్లో ఒకరు ఏదో చెప్పుకున్నారు. ఒక పొడుగు అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"సార్, కావాలని పడిపోయింది మీరేనా?"

పక్క అమ్మాయి ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది. కెప్టెన్ చెవులు కాలిపోయాయి. వెనక్కి తిరిగి గేటు వైపు నడవడానికి ఇరవై అడుగులు చాలు.

"నేనే" అన్నాడు.

ఆ అమ్మాయి వెక్కిరించడం లేదు. బీజగణితం లెక్క అర్థం కానట్టు నుదురు ముడిచింది. "అయితే ఎలా పడ్డారో చూపిస్తారా? మాలో ఎవరైనా అలా చేస్తే మేం పట్టుకోవాలి కదా."

కెప్టెన్ ఆమెకి బంతి ఇచ్చాడు. ఎడమ పక్క నుంచి వచ్చి లోపలికి తిరగమన్నాడు. ఆమె వచ్చి తిరిగింది. అతను అక్కడ ఏ క్షణాన ఏం చేశాడో అదే చేశాడు. తడి గడ్డి మీద పక్కకి పడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. పైన ఇరవై మొహాలు వంగి చూస్తున్నాయి. ఎవరూ నవ్వలేదు.

"సరిగ్గా కనబళ్ళేదు సార్" అంది పొడుగు అమ్మాయి. "ఇంకొంచెం నెమ్మదిగా."

అతను లేచి, మోకాలు దులుపుకుని, మళ్ళీ పడ్డాడు.